లేడన్న మనిషి పేరిట ఒక రసీదు

నేను ఒక కార్డుముక్కను. లేత గులాబీ రంగు, అరచేతిలో పట్టేంత ఒళ్లు. తపాలా శాఖవారు నన్ను అక్నాలెడ్జిమెంటు కార్డు అంటారు, జనం పొట్టిగా ఎ.డి. కార్డు అంటారు. రిజిస్టరు ఉత్తరం వీపున అతుక్కుని వెళ్లి, దాన్ని అందుకున్నవారి చేత సంతకం పెట్టించుకుని, పంపినవారి దగ్గరికి ఒంటరిగా తిరిగి రావడం నా ఉద్యోగం. లోపల ఏం రాశారో నాకు అనవసరం. అందిందా, ఎవరు అందుకున్నారు? నేను చెప్పగలిగేది ఆ రెండు సంగతులే.

మా జాతిని చూస్తే మనుషులకు పడదు. కోర్టు నోటీసుల వెనకా, పొలం తగాదాల వెనకా, విడాకుల కాగితాల వెనకా మేమే కనిపిస్తాం కాబట్టి, పోస్టుమాన్ చేతిలో మమ్మల్ని చూడగానే ఎంతటివాళ్లయినా దొడ్డిదారిన జారుకుంటారు. ఇంట్లో ఉండి లేరని చెప్పిస్తారు. నిలువెత్తు మనిషి ఇంత కార్డుముక్క మీద తన పేరు రాయడానికి అంత జంకడం నాకు మొదట్లో వింతగా ఉండేది. పోనుపోను తెలిసింది. నోటితో ఎన్ని మాటలైనా అంటారు గానీ, కలం చేతికిస్తే ఎవరైనా ఒక్క నిమిషం ఆగుతారు.

ప్రభుత్వ ముద్రణాలయంలో వేలమందిమి ఒకే రోజు పుట్టాం. మాలో నాలాంటి కొందరి మీద ఫ్రెంచి భాష కూడా అచ్చు వేశారు, విదేశాలకు వెళ్లాల్సినవాళ్లం కాబట్టి. అలా కట్టలో కట్టగా మచిలీపట్నం పెద్ద పోస్టాఫీసుకు వచ్చాను. ఊళ్లోవాళ్లు ఆ ఊరిని బందరు అంటారు. బందరు నుంచి పరదేశాలకు రిజిస్టరు చేసేవాళ్లు తక్కువ. రెండేళ్లు సొరుగులోనే ఉన్నాను. డెబ్బై ఏడు నవంబరులో పెద్ద తుపాను వచ్చినప్పుడు సొరుగులోకి నీళ్లొచ్చి నా తోటివాళ్లు చాలామంది ముద్దయిపోయారు. నేను పైవరసలో ఉండి బతికాను.

తర్వాతి జులైలో ఒక మధ్యాహ్నం, గొడుగు మడుస్తూ ఒకావిడ రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గరికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. పేరు పోలవరపు దమయంతి. ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం చెప్పే టీచరు. ఆమె ఇచ్చిన కవరు మీది చిరునామా చదివి గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఖైదీ అని రాశారేంటండీ టీచరుగారూ? సైన్యం బారకాసులని కూడా రాశారు. ఏ దేశమండీ ఇది?"

"దక్షిణ అమెరికా అండీ. అక్నాలెడ్జిమెంటు పెట్టండి. అది మాత్రం మర్చిపోకండి."

"అంతదూరం పోయి ఈ ముక్క వెనక్కొస్తుందంటారా?"

"వస్తుందో రాదో చూద్దామనేగా పంపుతున్నా," అందామె.

గుమాస్తా సొరుగు లాగి నన్ను బయటికి తీశాడు. దమయంతి నా మీద తన పేరూ, ఇంటి నంబరూ గుండ్రటి అక్షరాలతో రాసింది. నన్ను కవరు వెనక అంటించారు. అప్పుడే పోస్టాఫీసు వరండాలో వాన తగ్గేదాకా నిలబడి ఆమె తోడు వచ్చిన భర్తతో చెప్పిన మాటలవల్ల నాకు కథంతా తెలిసింది.

ఆ దేశం పేరు చెప్పను. ఇప్పుడక్కడ మంచి రోజులు నడుస్తున్నాయి. అప్పట్లో మాత్రం సేనాధిపతులు రాజ్యమేలుతున్నారు. గిట్టనివాళ్లను పట్టుకుపోయేవారు. పట్టుకుపోయామని ఒప్పుకునేవారు కాదు. పెళ్లాం వెళ్లి అడిగితే, అలాంటి మనిషి మా దగ్గర లేడు, ఏ ఆడదానితోనో సరిహద్దు దాటిపోయి ఉంటాడు అనేవారు. మనిషిని మాయం చేయడానికి వాళ్లకు మంత్రాలు అక్కర్లేకపోయింది. పుస్తకంలో పేరు రాయకుండా ఉంటే సరిపోయేది.

అలా మాయమైనవాళ్లలో ఆన్సెల్మో రూయిస్ ఒకడు. ఒక రేవు పట్నంలో రొట్టెలు కాల్చే బట్టీ పనివాళ్ల సంఘానికి కార్యదర్శి. చేతులకు పిండి ఉండగానే తెల్లవారుజామున జీపు ఎక్కించారు. ఏడాదైంది. ఆ ఊళ్లో సైన్యం మకాముండే బారకాసులో అతన్ని చూశానని విడుదలైన ఖైదీ ఒకడు చెప్పాడు. సైన్యం కాదంది. ఇలాంటి ఖైదీల కోసం దేశదేశాల జనం చేత ఉత్తరాలు రాయించే సంస్థ ఒకటి లండనులో ఉంది. వాళ్లు ప్రతినెలా పంపే జాబితాలో ఆన్సెల్మో పేరు కూడా వచ్చింది. బందరులో ఆ జాబితా ప్లీడరు ఉమామహేశ్వరంగారికి వచ్చేది. నెలలో మొదటి ఆదివారం ఆయన వాకిట్లో పదిమంది కూర్చుని, ఎరగని మనుషుల కోసం ఎరగని సేనాధిపతులకు మర్యాదగా ఉత్తరాలు రాసేవారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

"సేనాధిపతికి కాదండీ, ఆయనకే రాద్దాం. ఆ బారకాసు అడ్రసుకే, ఖైదీ పేరు మీదే, రిజిస్టరు చేసి," అని దమయంతి అన్నప్పుడు ప్లీడరుగారు కాసేపు ఆలోచించి, "నువ్వా మాట ఊరికే అనవమ్మా," అన్నారట.

నిజమే, ఊరికే అనలేదు. మన దేశంలోనే ఎమర్జెన్సీ రోజుల్లో ఆమె భర్త నాగభూషణాన్ని అచ్చాఫీసులో పనిచేస్తుండగా పట్టుకెళ్లారు. ఆయన అక్షరాలు కూర్చే కంపోజిటరు. అచ్చేసిన కరపత్రం ఆయన రాసింది కూడా కాదు. నలభై ఒక్క రోజులు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. దమయంతి నాలుగు జైళ్లకు ఆయన పేరు మీద నాలుగు రిజిస్టరు ఉత్తరాలు వేసింది. మూడు తిరిగొచ్చాయి. నాలుగో దాని కార్డు మాత్రం ఆయన సంతకంతో వచ్చింది. ఆ కార్డు పట్టుకుని మర్నాడే బయల్దేరి వెళ్లి జైలు గేటు ముందు నిలబడింది.

ఆ వరండాలో నాగభూషణం గొంతు తగ్గించి అన్నాడు. "ఎందుకొచ్చిన గొడవ దమయంతీ. మళ్లీ మన పేరు ఏ ఫైల్లోనన్నా ఎక్కుద్దేమో."

"ఎక్కితే ఎక్కనివ్వండి. తుపానప్పుడు మొహం తెలియనివాళ్లు మనకి దుప్పట్లు పంపలేదూ? మనం ఒక ఉత్తరమన్నా పంపొద్దా?"

వాన తగ్గింది. ఇద్దరూ ఒకే గొడుగులో వెళ్లిపోయారు.

నేను రైలెక్కాను, విమానమెక్కాను, ఇంకో విమానమెక్కాను. మూడు దేశాల సంచుల్లో పడుకున్నాను. నా వీపున ఉన్న ఉత్తరం చిన్నదే. "మీరు నన్నెరగరు. నేను భూగోళం పాఠాలు చెబుతాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు మొన్న పటంలో మీ ఊరు వెతికి పట్టుకున్నారు. మాదీ రేవు ఊరే. మీరెక్కడ ఉన్నారో మాకు తెలుసు. వీలైనప్పుడు జవాబు రాయండి." ఇంగ్లీషులో రాసింది. ఆన్సెల్మోకు ఇంగ్లీషు రాదని ఆమెకు తెలియదు.

ఆ రేవు పట్నంలో మమ్మల్ని అందుకున్న పోస్టుమాన్ పేరు ఫెర్మీన్. పొట్టి మనిషి, యాభై దాటినవాడు. చిరునామా చూసి ఆయన ముఖం మారింది. ఆన్సెల్మో చేతి రొట్టె తినే వీధి ఆయనది. కవరును మిగతా ఉత్తరాల్లో కలపకుండా చొక్కా జేబులో పెట్టుకుని బారకాసుకు నడిచాడు. పరదేశంలో ఎవరి చేతిలో ఉంటే వారి మాట నాకు అర్థమయ్యేది. అందుకే అక్కడ జరిగింది ఉన్నదున్నట్టు చెప్పగలను.

గేటు పక్క గదిలో సార్జెంట్ పరేదెస్ కూర్చుని ఉన్నాడు. బారకాసు కాగితాల పని అంతా ఆయనదే. బల్ల మీద పెన్సిళ్లు వరసగా, చివర్లు ఒకే వైపు ఉండేలా పేర్చుకునే రకం.

"ఈ పేరుగల మనిషి ఇక్కడ లేడు," అన్నాడు, కవరు సరిగా చూడకుండానే.

"మంచిదండీ," అన్నాడు ఫెర్మీన్. "అయితే ఈ గడిలో లేడని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసివ్వండి. వెనక్కి పంపేస్తాను."

"నువ్వే రాసుకో."

"లోపల ఎవరున్నారో నాకెలా తెలుస్తుందండీ? మీకు తెలుస్తుంది."

"అయితే పారేయ్."

"రిజిస్టరు ఉత్తరం పారేస్తే నా ఉద్యోగం పోతుంది. పైగా పరదేశపుది. నంబరు పడింది. ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు. ఉన్నాడనో లేడనో ఏదో ఒకటి రాయండి. ఏది రాసినా నాకు అభ్యంతరం లేదు."

పరేదెస్ కలం తీశాడు. నన్ను బల్ల మీద తిన్నగా సర్దుకున్నాడు. లేడు అని రాయాల్సిన గడి మీద కలం మొన ఆనింది. అక్కడే ఆగింది. అడిగినవాళ్లందరికీ ఏడాదిగా నోటితో చెబుతున్న మాటే అది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ తల ఎత్తకుండా చెప్పి పంపిన మాటే. కానీ దాని కింద తన పేరు రాయమని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

చాలాసేపయ్యాక సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. అది ఖైదీలకు రొట్టెలు పంచే జాబితా. ప్రపంచానికి లేని మనుషులకు కూడా రొట్టె కావాలి, రొట్టె పంచాలంటే పేరు కావాలి. ఆయన వేలు ఒక్కొక్క పేరూ దాటుకుంటూ వెళ్లి ఒకచోట నిలిచింది. కలం గడి మారింది. 'ఖైదీ ఆన్సెల్మో రూయిస్ తరఫున అందుకున్నాను' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి, బారకాసు ముద్ర గట్టిగా నొక్కాడు.

ఫెర్మీన్ ఉత్తరం ఇచ్చి నన్ను తీసుకుని గేటు దాటి, వీధి మలుపు తిరిగి, అక్కడున్న అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మిగతా ఉత్తరాలు పంచడానికి వెళ్లాడు.

నేను తిరిగి బందరు చేరేసరికి అక్టోబరు వచ్చింది. పోస్టుమాన్ నన్ను స్కూలుకే తెచ్చిచ్చాడు. దమయంతి ఎనిమిదో తరగతిలో రుతుపవనాలు చెబుతోంది. నన్ను ఒకసారి చూసింది, తిప్పి చూసింది, ముద్రను వేలితో తడిమి చూసింది. లేచి నిలబడ్డ పిల్లలను కూర్చోమని, తనూ కుర్చీలో కూర్చుంది. ఆమె పాఠం చెబుతూ కూర్చోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు.

"ఏమైందండీ టీచర్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"ఒక మనిషి దొరికాడమ్మా," అంది దమయంతి.

సాయంత్రం నాగభూషణం నన్ను దీపం దగ్గర పెట్టుకుని చూశాడు. అక్షరాలు తిరగేసి కూర్చే చేతులవి, ముద్రను చూసే చూపే వేరు. "అసలు ముద్రే. కుడివైపు అంచు అరిగింది చూడు. రోజూ వాడతన్న ముద్ర ఇది," అన్నాడు. తర్వాత నన్ను బల్ల మీద పెట్టి, ఎన్నడూ జైలు ఊసెత్తని మనిషి, తనంత తానుగా మొదలుపెట్టాడు.

"నీ ఉత్తరం వచ్చిన రోజు నన్ను ఆఫీసు గదికి పిలిచి సంతకం పెట్టమన్నారు. కలం పట్టుకుని నెల దాటింది. చెయ్యి తిరగలేదు. నా పేరు నేనే మర్చిపోయానేమోనని భయమేసింది. రాశాక మాత్రం, నేనింకా ఉన్నానని నమ్మకం కుదిరింది."

దమయంతి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అన్నం చల్లారిపోయింది. ఆ పూట దాని గురించి ఎవరూ విసుక్కోలేదు.

మర్నాడు ప్లీడరుగారు నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మనుషులకు లేవడం ఆయనకు అలవాటు లేదు, వయసులో పెద్దవారు. నాకు మాత్రం లేచారు. "ఇది ఉత్తరం కాదమ్మా, సాక్ష్యం. సైన్యం తన చేత్తో తనే రాసిచ్చిన సాక్ష్యం," అన్నారు. బెజవాడ వెళ్లి నాకు ఫోటోస్టాట్లు తీయించారు. అసలు కార్డు లండనుకు పంపాలన్నారు. దమయంతికి నన్ను వదలాలనిపించలేదు. నాలుగు రోజులు పెట్టెలో పెట్టుకుని, ఐదో రోజు తనే తెచ్చిచ్చింది. నన్ను రిజిస్టరు చేసి పంపారు. నా వెనక ఇంకో ఎ.డి. కార్డు అంటించారు. నా బతుకులో నాకు నవ్వొచ్చిన సందర్భం అదొక్కటే.

లండను నుంచి నన్ను ఒక సభకు తీసుకెళ్లారు. దేశాల ప్రతినిధులు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, మాయమైనవాళ్ల సంగతి విచారించే సభ అది. ఆ దేశం తరఫున వచ్చిన పెద్దమనిషి నీటుగా దువ్వుకుని, మెత్తగా మాట్లాడాడు. ఆ బారకాసులో ఉన్నారని జాబితాలో చెప్పిన పందొమ్మిది మందినీ మేము ఎన్నడూ నిర్బంధించలేదు, వీళ్లు సంసారాలు వదిలేసి దేశం దాటినవాళ్లు అన్నాడు. ఆన్సెల్మో పేరు రాగానే, ఈయన ఎక్కడో పొరుగు దేశంలో సుఖంగా ఉన్నాడని కూడా చెప్పాడు. అధ్యక్షత వహిస్తున్నావిడ ఓపిగ్గా విని, నన్ను బల్ల మీదుగా ఆయన ముందుకు జరిపింది.

"ఆయన పేరిట వచ్చిన ఉత్తరాన్ని మీ బారకాసు ఎందుకు అందుకున్నట్టు?"

పెద్దమనిషి కళ్లజోడు పెట్టుకుని నన్ను చదివాడు. తీసేసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు. నేను మారలేదు. మంచినీళ్లు అడిగాడు. "విచారించి చెబుతాం," అన్నాడు. ఏడాదిగా 'లేడు' అన్న నోరు, తొలిసారిగా 'విచారిస్తాం' అంది.

ఆ తర్వాత మా జాతికి కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. ఈ సంగతి తెలిసి ఎన్నో దేశాల జనం ఆ బారకాసుకూ, అలాంటి ఇతర చోట్లకూ ఖైదీల పేర్ల మీదే రిజిస్టరు ఉత్తరాలు వేయడం మొదలుపెట్టారు. మంత్రసానులూ, గుమాస్తాలూ, కాలేజీ పిల్లలూ, చర్చి ముసలమ్మలూ. పరేదెస్ బల్ల మీద కవర్లు గుట్టలు పడ్డాయి. రిజిస్టరు ఉత్తరాలు తీసుకోవద్దని పైనుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది. ఎవరి ఉత్తరాలు తీసుకోవద్దో తెలియాలి కాబట్టి ఆ ఉత్తర్వులోనే పేర్లన్నీ రాశారు. మనుషులు ఒక్కోసారి తమ గొయ్యి ఎంత పొందికగా, ఎంత చక్కటి చేతిరాతతో తవ్వుకుంటారో చెప్పలేను.

మూడు నెలలకు ఆన్సెల్మో పేరు ఖైదీల అధికార జాబితాలో అచ్చయింది. అతని భార్య మార్తా గాజు కిటికీ అవతల అతన్ని చూసింది. మరో పద్నాలుగు నెలలకు అతను ఇంటికి వచ్చాడు. కాని పందొమ్మిది మందీ రాలేదు. ఎనిమిది మంది పేర్లకు సంతకాలు పడ్డాయి, ఆ ఎనిమిది మందీ ఏదో ఒకనాటికి బయటపడ్డారు. మిగతా పదకొండు మంది పేర్లతో వెళ్లిన నా తోటి కార్డులు ఈనాటికీ తిరిగి రాలేదు. నా కథ సంతోషంగా సాగిన కథే. వాళ్ల సంగతి చెప్పకుండా మాత్రం సాగించలేను.

బయటికి వచ్చిన వారానికే ఆన్సెల్మో బందరుకు జవాబు రాశాడు. ఆ సార్జెంటు ఉత్తరాన్ని రొట్టెల బుట్టలో పెట్టి గది లోపలికి తోశాడట. "అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే, నా పేరు. ఆ కాగితాన్ని పదమూడు మందిమి వంతులవారీగా పట్టుకుని చూశాం," అని రాశాడు. అప్పటి నుంచి ఏటా ఒకరికొకరు ఉత్తరం రాసుకునేవారు. ఆయన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాడు. దమయంతి రెండు మూడు స్పానిష్ వాక్యాలు నేర్చుకుని ప్రతి ఉత్తరంలోనూ అవే రాసేది. ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు.

సేనాధిపతులు పోయాక ఆ దేశంలో కోర్టులు నడిచాయి. నన్ను లండను నుంచి రప్పించి సాక్ష్యంగా పెట్టారు. పరేదెస్ బోనెక్కాడు.

"ఈ సంతకం మీదేనా?" అని అడిగాడు జడ్జి.

"నాదే."

"ఎందుకు పెట్టారు? లేడని రాయమని మీకు ఉత్తర్వులున్నాయి కదా."

"నోటితో చెప్పమన్నారండీ. రాయమనలేదు. లేడని రాసి సంతకం పెడితే, రేపు అతను చస్తే నా సంతకం కింద చచ్చినట్టు. అంత ధైర్యం నాకు లేకపోయింది."

దాన్ని మంచితనం అని జడ్జి అనలేదు. పరేదెసూ అనుకోలేదు. తాళాలు వేసిన చేతులు కూడా ఆయనవే. తిరిగి రాని పదకొండు మందికీ ఆయన రొట్టెలు పంచాడు, తర్వాత ఆ పేర్లను జాబితాలో కొట్టేశాడు. రెండేళ్ల శిక్ష పడింది. అనుభవించి వచ్చి, ఊరి చివర కూతురి దగ్గర ఉండిపోయాడు.

ఆ బారకాసునే తర్వాత మ్యూజియం చేశారు. గేటు పక్క గదిలో నన్ను గాజు పలకల మధ్య పెట్టారు. నా పక్కన ఉంచడానికి మీ భాషలో ఒక్క వాక్యం రాసి పంపండి అని ఆన్సెల్మో అడిగితే, దమయంతి తెల్లకాగితం మీద తెలుగులో రాసి పంపింది. అక్కడ ఎవరికీ చదవడం రాలేదు. ఆమె పేరూ ఊరూ అయి ఉంటుందనుకున్నారు. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయని మెచ్చుకుని, చట్రం కట్టించి, తలకిందులుగా తగిలించారు. మూడేళ్లు అలాగే వేలాడింది. పక్కనే ఉన్న నేను అన్నీ చూస్తూ ఏమీ అనలేకపోయాను.

గురువారాల్లో ఆన్సెల్మో మ్యూజియానికి వచ్చి చూడవచ్చినవాళ్లకు సంగతులు చెప్పేవాడు. అప్పటికి డెబ్బై దాటాడు. ఒక గురువారం రేవులో ఆగిన ఓడ నుంచి ఇంజను గదిలో పనిచేసే మనిషి ఒకడు వచ్చాడు. పేరు సింహాద్రి, ఊరు విశాఖపట్నం. ఎండ తగలకుండా ఎక్కడైనా కాసేపు తిరుగుదామని లోపలికి వచ్చినట్టున్నాడు. చట్రం ముందుకు రాగానే మెడ పక్కకు వాల్చాడు, ఇంకా వాల్చాడు.

"ఇదేటి, మన తెలుగుని ఇలగ తలకిందులుగా పెట్టీసినారు," అన్నాడు తనలో తను.

ముప్పై ఏళ్ల తర్వాత తెలుగు విన్నాను. సింహాద్రి రేవుల్లో నేర్చిన స్పానిష్‌లో ఆన్సెల్మోకు సంగతి చెప్పాడు. చట్రం దింపించి, సరిగా పట్టుకుని, పైకి చదివాడు. "ఈ కార్డు మీద సంతకం పెట్టినవారు ఎవరో నాకు తెలియదు. వారికి నా నమస్కారం." మళ్లీ స్పానిష్‌లో చెప్పాడు.

ఆన్సెల్మో చట్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "నా గురించి రాసిందనుకున్నాను," అన్నాడు.

"లేదు పెద్దాయనా. మీ పేరైతే ఇందుల లేదు," అన్నాడు సింహాద్రి. చెప్పకుండా ఉండాల్సిందేమోనన్నట్టు నిలబడ్డాడు. ఆన్సెల్మో అతని భుజం తట్టి, నవ్వి, కాఫీ తాగడానికి తీసుకెళ్లాడు.

పరేదెస్ ఆ మ్యూజియం గడప ఎన్నడూ తొక్కలేదు. అతనూ ఆన్సెల్మో కోర్టు తర్వాత మాట్లాడుకోలేదు. అయినా ఆ వారం ఆన్సెల్మో ఊరి చివరికి బస్సెక్కి వెళ్లాడని, గుమ్మంలోనే నిలబడి రెండు మాటలు చెప్పి వచ్చాడని కాపలావాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. మరుసటి గురువారం పొద్దున, జనం రాకముందు, కూతురి చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. నడుం వంగింది గానీ చొక్కా ఇస్త్రీ నలగలేదు.

ఆన్సెల్మో ఆయన పక్కన నిలబడి, తెలుగు కాగితం మీద వేలు పెట్టి, ఏ మాటకు ఏ అర్థమో సింహాద్రి చెప్పిన ప్రకారం చెప్పాడు. పరేదెస్ విన్నాడు.

"నా పేరు ఆమెకెవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదు. మీ సంతకం ఎవరికీ అర్థం కాదు."

"మొదటి నుంచీ అంతే," అన్నాడు పరేదెస్. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నా మీదికి వంగి, గాజుకు ముక్కు ఆనేంత దగ్గరగా, ఒక్కొక్క గడీ పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు. చదువుతున్న కొద్దీ ఆయన నుదురు ముడిపడింది.

"తేదీ తప్పు," అన్నాడు. "పదిహేనని వేశాను. ఆ రోజు పదహారు. బుధవారం. కంగారులో వేశాను."

"ఇప్పుడు దిద్దుతారా?" అన్నాడు ఆన్సెల్మో.

పరేదెస్ నిజంగానే ఆలోచించాడు. చెయ్యి చొక్కా జేబులో కలం దాకా వెళ్లింది కూడా. చివరికి తల అడ్డంగా ఊపి, "వద్దులే, ఉండనీ," అన్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. తలుపులు తెరిచే వేళయింది.